పెంగ్విన్‌కు గ్రేసు మార్కులు

ఆ తారీఖు లెక్కల మాస్టారికి బాగా గుర్తు. జూన్ పదకొండు. ఆ పొద్దున తిన్నది బ్రెడ్డూ, ఉడికించిన గుడ్లూ. గుర్తుండిపోవడానికి కారణం వాటి రుచి కాదు. పెంకు ఒలుస్తున్న భార్య చేతిలోంచి గుడ్డు జారి, బల్ల మీద దొర్లి, తిన్నగా వచ్చి ఆయన ఒళ్లో పడింది.

"ఇదేమిటోయ్, వడ్డించడం మానేసి విసరడం మొదలెట్టావా?" అన్నాడాయన.

ఆవిడ నవ్వలేదు. తన కుడిచేతిని పరాయి మనిషి చెయ్యిలా చూసుకుంటోంది. బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి గుసగుసలాడుకుంటున్నట్టు కదులుతున్నాయి. ఆపమంటే ఆగడం లేదు.

నరాల డాక్టరు పరీక్షలన్నీ చేసి, "ఇది పోయేది కాదు. మందులతో నెమ్మదిగా నడిపిద్దాం," అన్నాడు, పాత స్కూటరు గురించి చెప్పినట్టు.

వేరే ఎవరికైనా అయితే సర్దుకుపోయేవారేమో. ఆవిడ పసిపిల్లల వార్డులో నర్సు. అప్పుడే పుట్టిన బిడ్డ చేతిలో దారప్పోగంత నరం వెతికి సూది ఎక్కించాలంటే పెద్ద డాక్టర్లు కూడా "నర్సమ్మను పిలవండి" అని పక్కకు జరిగి నిలబడేవారు. ఇప్పుడు సెలవు పెట్టింది. మళ్లీ సూది పట్టుకోవచ్చా, ఇక ముట్టకూడదా అన్నది తానే తేల్చి చెబుతానని హెడ్ నర్సుకు మాట ఇచ్చింది.

సెలవులో కాలక్షేపానికి ఆవిడకు ఒక ఆట ఉంది. కంప్యూటర్లో ఆకాశం నుంచి ఉల్కలు రాలుతుంటాయి. కింద ఒక ఊరు. మౌసుతో ఫిరంగి తిప్పి, ఉల్కలు నేల తాకకముందే పేల్చెయ్యాలి. ఒక్కటి తప్పితే ఒక వీధి కాలిపోతుంది. ఆవిడ ఏళ్ల తరబడి ఆ ఊరిని కాపాడుతూ వస్తోంది. సొంత ఊరి కౌన్సిలరు కూడా అంత శ్రద్ధ చూపించి ఉండడు.

ఆ కంప్యూటరుకి ముసలితనం వచ్చి, కొత్త సిస్టమ్ ఎక్కించుకోలేనని చేతులెత్తేసింది. అప్పుడు రంగంలోకి దిగాడు ఆవిడ తమ్ముడు. పెంగ్విన్ బొమ్మ ఉన్న చొక్కా తప్ప వేరే చొక్కా వెయ్యడు కనుక బంధువులంతా అతన్ని పెంగ్విన్ అనే పిలుస్తారు. ఆ పక్షి, పాత కంప్యూటర్లలోనూ నడిచే లినక్స్ అనే సిస్టమ్ వాళ్ల గుర్తు.

"బావా, ఇన్నాళ్లూ మీరు వాడింది అద్దె కొంప. గోడకు మేకు కొట్టాలన్నా ఓనరు పర్మిషన్ కావాలి. లినక్స్ సొంతిల్లు. గోడ పడగొట్టుకున్నా అడిగేవాడు లేడు."

"పడగొట్టాక కట్టేవాడున్నాడా?"

"గ్రూపులో అడగాలి."

ఉల్కల ఆటేమో వేరే సిస్టమ్ కోసం పుట్టింది. దాని భాష లినక్స్‌కు రాదు. మధ్యలో ఒక దుబాసీ ప్రోగ్రాం ఉండాలి. దాని పేరు వైన్. మాస్టారు ఫోన్లో "వైన్ ఎక్కించాను కానీ ఇంకా కదలట్లేదురా" అని గట్టిగా అంటుంటే, వంటింట్లోంచి ఆవిడ, "ఎవరికండీ ఎక్కించారు? పక్కకు తిప్పి పడుకోబెట్టండి, పొలమారుతుంది!" అని కేకేసింది. నర్సు బుద్ధి ఎక్కడికి పోతుంది!

బావమరిది ఆయన్ను లినక్స్ ఆటగాళ్ల గ్రూపులో కూడా చేర్పించాడు. ఆ గ్రూపు మర్యాద వేరు. ఆటలో చప్పుడు రావట్లేదని అడిగితే ముందు "ఏ డిస్ట్రో?" అంటారు. అంటే లినక్స్‌లో మీది ఏ శాఖ అని. శాఖ చెప్పగానే, అందులో ఇంకా ఎందుకున్నావని చీవాట్లు పెడతారు. తరవాత వాళ్లలో వాళ్లు కొట్టుకుంటారు. అడిగినవాడికి చివరికి చప్పుడు వినబడుతుంది గాని, అది ఆటలోది కాదు.

ఎలాగైతేనేం, ఆట నడిచింది. ఆవిడ కూర్చుంది. ఊరు కాలింది.

మర్నాడూ కాలింది. ఆ మర్నాడూ కాలింది. వేళ్లు వణికితే ఫిరంగి వణికేది. ఆవిడ మౌసును తిరగేసి, అది చేసిన తప్పేమీ లేదని చూసి, మళ్లీ బల్ల మీద పెట్టేది. పక్కగదిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్న మాస్టారికి కాలిన ప్రతి వీధి చప్పుడూ వినబడేది.

ఇక్కడ ఆయన గురించి ఒక మాట చెప్పాలి. స్కూల్లో ఆయన్ను అందరూ గ్రేసు మాస్టారంటారు. పాసు గీతకు ఒక్క మెట్టు కింద ఆగిపోయిన పిల్లవాణ్ణి చూస్తే ఆయన ఎర్రపెన్ను కరిగి నీరైపోతుంది. లెక్క తప్పయినా మార్జిన్ బాగా కొట్టాడని ఒక మార్కు వేసి గట్టెక్కించేస్తాడు.

అలాంటి మనిషికి, ఆట గుట్టంతా ఒక మామూలు ఫైల్లో, ఎవరైనా దిద్దుకునేలా రాసి ఉంటుందని తెలిస్తే ఊరుకుంటాడా? ఆవిడ మందుల షాపుకు వెళ్లినప్పుడు తెరిచి చూశాడు. ఉల్కల వేగం: పది. దాన్ని ఏడు చేశాడు. చేసి, అలవాటు కొద్దీ చుట్టూ చూసి, జేబులో లేని ఎర్రపెన్ను తడుముకున్నాడు.

ఆ సాయంత్రం ఊరు సగం మిగిలింది. మర్నాడు ఆరు చేశాడు. ఊరు మొత్తం మిగిలింది.

"చూశావటోయ్, మందు పనిచేస్తోంది!"

"అలాగే ఉంది," అంది ఆవిడ, ఆయన మొహం వైపు కాస్త ఎక్కువసేపు చూసి.

మాస్టారు ఆ వారమంతా కొత్తగా జీతం పెరిగినవాడిలా తిరిగాడు. ఆ ఆనందం శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర చచ్చింది.

"సోమవారం నుంచి డ్యూటీకి వెళ్తున్నానండీ," అంది ఆవిడ, ఎడంచేత్తో గ్లాసు అందుకుంటూ.

"ఏ డ్యూటీ?"

"ఏ డ్యూటీ ఏమిటి, నా డ్యూటీ. పసివాళ్ల వార్డు. ఇన్నాళ్లూ ఆ ఆట ఆడింది సరదాకనుకున్నారా? చెయ్యి నిలబడుతోందో లేదో చూసుకోవడానికి. డాక్టరు మొహమాటానికి ఏదో ఒకటి చెబుతాడు. తమ్ముడు ఏడుస్తాడు. ఆటకు మొహమాటం లేదుగా. ఉల్క తగిలితే తగిలినట్టు, తప్పితే తప్పినట్టు."

మాస్టారు నోటిదాకా తెచ్చిన ముద్దను కంచంలో పెట్టేశాడు.

"అంటే… ఒక్క ఆటను నమ్ముకుని…"

"ఊరు ఊరంతా కాపాడుతున్నా కదండీ. మీరే చూస్తున్నారుగా."

ఆయన కళ్ల ముందు ఒక చిన్న చెయ్యి కనబడింది. అందులో దారప్పోగంత నరం. దాని మీదికి, ఆరు వేగంలో గట్టెక్కిన సూది.

నిజం చెప్పెయ్యాల్సింది అప్పుడే. కానీ మాస్టారు చెబితే కథే లేదు. గుట్టుచప్పుడు కాకుండా వేగాన్ని మెల్లగా పెంచేస్తే, ఆవిడే ఓడిపోయి, ఆవిడే మానుకుంటుంది గదా అనుకున్నాడు. శనివారం ఆవిడ స్నానానికి వెళ్లగానే ఫైలు తెరిచాడు. తెరిచాక చెయ్యి ఆడలేదు. గ్రేసు మార్కులు కలపడం తెలుసుగాని, వేసిన మార్కులు వెనక్కి లాక్కోవడం ఆయనకు అలవాటు లేదు. పోయిందనుకున్న జబ్బును ఒక్కో అంకె చొప్పున పెళ్లానికి తిరిగి అంటగట్టాలి. ఈ పని ఏ మొగుడూ చేసి ఉండడు.

బాత్రూం గడియ చప్పుడైంది. కంగారులో ఎనిమిది కొట్టబోయి, పక్కన ఒక సున్నా కూడా కొట్టి, ఫైలు మూసేశాడు.

ఆవిడ తల తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ఆట మొదలైంది. ఆకాశం విరుచుకుపడింది. ఆవిడ మౌసు మీద చెయ్యి వెయ్యకముందే ఊరు బూడిదైపోయింది.

"ఏమండీ."

"ఊఁ?"

"తల తుడుచుకునే లోపల నా జబ్బు ఇంత ముదిరిందంటారా?"

"వై… వైరస్ అయి ఉంటుంది."

"పెంగ్విన్‌కి వైరస్ రాదని మా తమ్ముడు మీ చెవిలో జోరీగలా రొదపెట్టాడుగా?"

"జలుబు చేసిందేమో మరి!"

ఆవిడ ముందే ఆ ఫైలు తెరవలేక, మాస్టారు ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి పరిగెత్తాడు. బావమరిది విషయం సగమే విని, "బావా, తెరమీద బొమ్మలు చూపించే ప్రోగ్రాం పాతదా కొత్తదా?" అన్నాడు.

"కంప్యూటరే పాతదిరా!"

"అది కాదు బావా. గ్రూపులో పెట్టండి, చూస్తాను."

గ్రూపులో పెట్టాడు. ఏ శాఖ అన్నారు. చెప్పాడు. తిట్టారు. టెర్మినల్ తాత అనే పెద్దమనిషి ఒకాయన జాలిపడి, ఒక ఆజ్ఞ రాసి, ఇది కొడితే ఆట కొత్తదానిలా అవుతుందన్నాడు. ఇంకొకాయన, అది కొడితే ఇల్లు కూలుతుందన్నాడు. వాళ్లిద్దరూ తేల్చుకునేలోగా మాస్టారు కొట్టేశాడు. తెర నల్లబడింది. నలుపులో తెల్లటి గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది, ఆసుపత్రిలో మంచం పక్కన పెట్టే మిషన్‌లా.

ఆదివారమంతా బావమరిది మంచినీళ్లు ముట్టకుండా కూర్చుని ఆటను తిరిగి నిలబెట్టి, "అక్కా, ఇప్పుడిది కడిగిన ముత్యం. పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది," అని చెప్పి, బావ వైపు ఒక చూపు విసిరి వెళ్లిపోయాడు.

ఆవిడ బల్లమీద యూనిఫాం పరిచి ఇస్త్రీ చేసుకుంటోంది. మడతలు ఒక పట్టాన నిలవడం లేదు.

"రేపు వెళ్లకు," అన్నాడు మాస్టారు.

"ఎందుకని?"

"ఉల్కల్ని నేనే నెమ్మది చేశాను. నీ చెయ్యి బాగుపడలేదు." ఆయన యూనిఫాం అంచు తన వైపు లాక్కున్నాడు. "ఏమీ బాగుపడలేదు."

ఆవిడ ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, స్విచ్చి ఆపింది.

"అమ్మయ్య. ఈ మాట కోసం మొన్నటి నుంచీ ఎదురుచూస్తున్నా."

"నీకు… తెలుసా?"

"మొదటి రోజే. నా బతుకంతా డ్రిప్పులో చుక్కలు లెక్కపెట్టడంతోనే తెల్లారింది. ఒక్క చుక్క ఆలస్యంగా పడితే నిద్రలోంచి కూడా లేస్తా. ఆ ఉల్కలు పెళ్లిభోజనం చేసొచ్చినవాళ్లలా దిగుతుంటే తెలియదా? హెడ్ నర్సుకు పోయిన వారమే చెప్పేశా, ఇక సూది పట్టనని. రేపటినుంచి కొత్తగా చేరిన నర్సులకు పాఠాలు. నోటితోనే."

"మరి శుక్రవారం నాతో అలా…"

"మీరు చెబుతారేమో చూద్దామని. మీరు చెప్పకుండా కంప్యూటర్ని చంపుకున్నారు."

మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఏ విద్యార్థీ ఆయన్నింత శుభ్రంగా పట్టుకోలేదు.

"నువ్వు సంతోషపడతావని చేశాను," అన్నాడు నేల చూస్తూ.

"తెలుసు. అందుకే వారం రోజులు గెలిచి పెట్టా. ఉల్కలకంటే మీ మొహం చూస్తూ ఆడటమే కష్టమైంది." ఆవిడ ఆయన ఎదురుగా కూర్చుంది. "చూడండి. రేపు నేను చెంచా పట్టుకోలేనప్పుడు, బ్రహ్మాండంగా పట్టుకున్నావంటారు. పడిపోతే, ఎంత బాగా పడ్డావోయ్ అంటారు. నాకు చప్పట్లు కొట్టేవాళ్లు ఊరంతా ఉన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి ఒక్కడైనా ఇంట్లో లేకపోతే ఎలాగండీ?"

మాస్టారు బోర్డు మీద ఎన్నడూ రాయని లెక్క అది.

"ముందు మీరు ఆడండి. అసలు వేగంలో," అంది.

"నేనా? నాకు రాదే!"

"వణకని చెయ్యి ఎలా ఆడుతుందో నేనూ చూడాలి."

ఆడాడు. ఆయన వణకని చెయ్యి ఫిరంగిని ఉల్క ఒకవైపుంటే ఇంకోవైపు తిప్పింది. ముందు స్కూలు ఉన్న వీధి కాలింది, ఆపైన మిగతావన్నీ. ఆవిడ పగలబడి నవ్వింది. గుడ్డు జారిన రోజు తరవాత ఆ ఇంట్లో ఆ నవ్వు వినబడటం అదే మొదలు. మాస్టారు ఆ ఊరు ఇంకోసారి తగలబడ్డా ఫరవాలేదనుకున్నాడు.

తరవాత ఆవిడ కూర్చుంది. కుడిచేతి మణికట్టును ఎడంచేత్తో పట్టుకుని ఆడింది. కొన్ని వీధులు నిలిచాయి. చాలా కాలిపోయాయి. ఆట ఆగింది. ఆవిడ తెరవైపే చూస్తూ, "చెప్పండి," అంది.

మాస్టారి నోట్లో బోలెడు మాటలు వరుసకట్టి నిలబడ్డాయి. ఒక్కోటీ ఒక్కో గ్రేసు మార్కు. అన్నింటినీ మింగాడు.

"గురి తగ్గింది," అన్నాడు. "జూన్‌కీ ఇప్పటికీ బాగా తగ్గింది."

ఆవిడ తలూపింది. కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. ఆయన భుజం మీద వణికే చేతినే ఉంచింది. అది అక్కడ కాసేపు వణికింది.

"పడుకుంటానండీ. పొద్దున్నే పాఠం ఉంది."

బట్టలు మార్చుకోవడానికి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. లోపల గొళ్లెం అందుకోవడం వినబడింది, జారిపోవడమూ వినబడింది. మాస్టారు లేవబోయి, రెండు చేతులూ మోకాళ్ల మీద నొక్కిపెట్టి కూర్చున్నాడు. కాసేపటికి గొళ్లెం పడిన చప్పుడు మెల్లగా వినబడింది.