పదో స్థానం మాహాత్మ్యం

పదిమంది ఉన్న పోటీలో పదో స్థానంలో ఉండటమంత సుఖం ఇంకొకటి లేదని అనుభవం మీద చెబుతున్నాను. నమ్మండి! ఇంకా కిందికి జారే భయం లేదు. పైనున్నవాడికి దిష్టి తగులుతుంది, మనకి తగలదు. అమెరికాలో మేముండే ఈ ఆష్‌బర్న్‌ మొత్తంలో ప్రస్తుతం నా అంత నిర్భయంగా తిరుగుతున్న తెలుగువాడు లేడు.

సంగతేమిటంటే, ఈ మార్చిలో నేను ఫాంటసీ బేస్‌బాల్ లీగ్‌లో చేరాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. ఈ ఆటకి సోఫాలోంచి లేవక్కర్లేదు. నిజంగా ఆడే ఆటగాళ్లలోంచి కొందరిని ఎంచుకుని వెబ్‌సైట్‌లో సొంత జట్టు కట్టుకుంటాం. వాళ్లు ఎక్కడో బాల్ కొడితే ఇక్కడ మనకి పాయింట్లు. కొట్టకపోతే మనకి బీపీ. నచ్చనివాడిని డ్రాప్ చేయొచ్చు. పక్క జట్టువాడు నచ్చితే మనవాడినిచ్చి ట్రేడ్ అడగొచ్చు. అంతే! సంసారం కంటే చాలా సులువు.

మా లీగ్‌ని నడిపేది వీరభద్రం. ఆఫీసులో నాకు రెండు సీట్ల అవతల కూర్చుంటాడు. మనవాళ్లు పదిమంది కలిస్తే అసోసియేషన్ పెడతారు కదా, ఇతను ముందు రూల్స్ రాశాడు. ఐదు పేజీలు! అందులో ఏడో రూలు ఇది: ఎవరైనా ట్రేడ్ అడిగితే నలభై ఎనిమిది గంటల్లోగా జవాబివ్వాలి. ఉత్త బటన్ నొక్కితే చాలదు, ఒక మాటైనా రాయాలి. లేకపోతే పాయింట్లు కోత.

నేను లీగ్‌లో చేరింది ఈ ఏడో రూలు చూసే.

ఎందుకంటే లీగ్‌లో తొమ్మిదో మెంబర్ మా అమ్మాయి ఇషిత. రెండు గంటల దూరంలో కాలేజీ, మొదటి సంవత్సరం. చిన్నప్పటి నుంచీ బేస్‌బాల్ అంటే ప్రాణం. పోయిన అక్టోబర్ నుంచి నేను ఫోన్ చేస్తే ఆమె నోట వచ్చేవి మూడే మాటలు: "ఊ", "ఓకే", "అమ్మకివ్వు". కారణం తర్వాత చెబుతాను. ముందు కాసేపు నా పరువు మిగలనివ్వండి.

ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమాన్ని డ్రాఫ్ట్ అంటారు. వీరభద్రం దాన్ని ఆదివారం సాయంత్రం ఐదింటికి పెట్టాడు. వంటింట్లో ఇండియన్ స్టోర్‌వాళ్లిచ్చిన క్యాలెండర్ చూశాను. ఆదివారం రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు! కారు కొన్నప్పుడూ ఇల్లు కొన్నప్పుడూ చూసినవాడిని, జట్టు కొన్నప్పుడు చూడనా? లాగిన్ కాకుండా బుద్ధిగా కూర్చున్నాను. మనం లేనప్పుడు మన తరఫున కంప్యూటరే ఆటగాళ్లని ఎంచేస్తుంది. ఆ గంటలో అది నాకు పదిమందిని అంటగట్టింది. ఆరూ ఒకటికి నేను దేవుడికి దణ్ణం పెట్టుకుని దిగాను. మిగతావాళ్లని స్వహస్తాలతో ఎంచుకున్నాను.

మర్నాడు కాఫీ దగ్గర వీరభద్రానికి గర్వంగా చెప్పాను. అతను కప్పు కింద పెట్టాడు.

"అన్నా, మీ క్యాలెండర్ సూర్యోదయం ఆరింటికి అని లెక్కేసింది. ఇక్కడ డేలైట్ సేవింగ్ వచ్చి గడియారం ముందుకి జరిగింది కదా. నిన్న సూర్యుడు వచ్చిందే ఏడింటికి."

"అయితే?"

"అయితే ఏముందన్నా, అసలు రాహుకాలం ఆరు కావస్తుంటే మొదలైంది. మీరు సరిగ్గా అందులోకే దిగారు."

ఇరవై మూడేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నాను. ఏటా రెండుసార్లు ఇంట్లో గడియారాలన్నీ నేనే తిప్పుతాను. మైక్రోవేవ్‌ది కూడా! రాహువుకి కూడా ఆ గంట వర్తిస్తుందని ఒక్కసారీ తోచలేదు. అంటే ఇన్నేళ్లూ వేసవి పనులన్నీ ఏ ఘడియల్లో మొదలుపెట్టానో ఆలోచిస్తే ఇల్లు ఎందుకు కారుతోందో ఇప్పుడు అర్థమవుతోంది.

సీజన్ మొదలైంది. మొదటి రెండు రోజులు నేను మూడో స్థానంలో ఉన్నాను. ఆ రెండు రోజులు ఆఫీసులో నా నడకే మారిపోయిందని తర్వాత విన్నాను. పక్కూరు హెర్న్‌డన్‌లో ఒక బర్త్‌డే పార్టీకి వెళ్లి, అడగనివాళ్లకి కూడా పిచింగ్ మీద, అంటే బాల్ విసరడం మీద, సలహాలిచ్చాను. కేకు కట్ చేసే అబ్బాయి తండ్రి నా మాటలు నోట్ చేసుకున్నాడు కూడా. పాపం, ఆయన ఫోన్ నంబర్ దొరికితే క్షమాపణ చెప్పాలి.

మూడో రోజు నుంచి జారుడు. కంప్యూటర్ ఎంచిన పిచ్చర్ ఒకాయన వరసగా రెండు ఆటల్లో చితకబాదించుకున్నాడు. నేనేమైనా తక్కువ తిన్నానా? వెంటనే డ్రాప్! అవుట్‌ఫీల్డర్ వారం రోజులు కొట్టలేదు. డ్రాప్! ఏప్రిల్ పదికల్లా కంప్యూటర్ ఎంచినవాళ్లలో ఆరుగురిని గెంటేశాను. వీరభద్రం మొత్తుకున్నాడు.

"అన్నా, నూట అరవై రెండు ఆటల సీజన్. ఇంకా ఏప్రిలే. ఆగండి."

ఫాంటసీ బేస్‌బాల్‌లో ఇది తారక మంత్రం. ఇంకా ఏప్రిలే! రెండు వారాల అంకెలు చూసి మనిషిని తేల్చేయకూడదట. నాకు వినపడలేదు.

నేను గెంటినవాళ్లని గెంటినట్టే ఎవరో ఏరుకుంటున్నారు. ఎవరా అని చూస్తే ఇషిత! ఆ పిచ్చర్ ఇప్పుడు లీగ్ మొత్తానికి నంబర్ వన్. అవుట్‌ఫీల్డర్ బాల్‌ని పార్కింగ్ లాట్‌లోకి కొడుతున్నాడు. నా చెత్తబుట్టతో మా అమ్మాయి మొదటి స్థానంలో ఉంది.

మరి నేను ఎవరినీ నమ్మలేదా అంటే, నమ్మాను. ఒకే ఒక్కడిని. ఆరూ ఒకటికి నేను మొట్టమొదట ఎంచుకున్న మూడో బేసాయన, అంటే మైదానంలో మూడో మూల కాసేవాడు. పేరు చెప్పను, అతనికీ తల్లిదండ్రులుంటారు. ఈ ఆటలో పదిసార్లలో మూడుసార్లు కొడితే మహానుభావుడు. వందకి ముప్పై వస్తే విగ్రహం పెడతారు! మావాడు పదింటికి ఒక్కటి కొడుతున్నాడు. అయినా నాలుగు వారాలుగా రోజూ ఆడిస్తున్నాను. ఎవరైనా అడిగితే "ఇంకా ఏప్రిలే" అంటాను. ఆ మంత్రం నాకు అతని ఒక్కడి విషయంలోనే గుర్తొస్తుంది.

ఇంతకీ పదో స్థానం సుఖమన్నాను కదా, ఆ లాభాలేమిటో వినండి.

మొదటిది, శరీరశాస్త్రం. ఏ ఆటగాడికి తొడకండరం పట్టేసిందో, ఎవరి చిటికెనవేలు వాచిందో, ఎవరి పక్కటెముక దగ్గర ఎన్ని రోజులు నొప్పి ఉంటుందో నాకు నోటికొచ్చు. రోజుకి నాలుగుసార్లు గాయాల లిస్టు చూస్తాను. మొన్న శనివారం మా ఆవిడ త్రివేణి మెట్లు దిగుతూ ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతుంటే అడిగాను.

"ఏమైంది?"

"మోకాలు."

"ఎప్పటి నుంచి?"

"మార్చి నుంచి. ఏమండీ, మీ లిస్టులో నన్ను కూడా ఎక్కించండి. అప్పుడైనా చూస్తారు."

రెండోది, భూగోళం. మా వీధిలో వాన పడుతోందో లేదో నాకు తెలియదు. క్లీవ్‌లాండ్‌లో పడుతోందని తెలుసు, ఆట ఆగిందని కూడా తెలుసు. మూడోది, వైరాగ్యం. రెండేళ్లు ఆన్‌లైన్‌లో ధ్యానం క్లాసులకి వెళ్లినా పట్టుబడని నిష్కామకర్మ, చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఆధిక్యం పోగొట్టే ఒక పిచ్చర్ నాకు రెండు వారాల్లో నేర్పాడు. ఫలితం ఆశించడం పూర్తిగా మానేశాను! నా మేనేజర్ కూడా ఈ మార్పు గమనించింది. ఆమెకి ఇది అంత నచ్చలేదు.

ఇక నాలుగో లాభం. ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

ఓడిపోయేవాడు రోజూ ట్రేడ్ అడగొచ్చు, ఎవరూ అనుమానించరు. ఏప్రిల్ రెండోవారంలో ఇషితకి మొదటి ట్రేడ్ పంపాను. నా ఇద్దరు క్యాచర్లనిచ్చి ఆమె బెస్ట్ హిట్టర్‌ని అడిగాను. ముప్పై ఆరు గంటలకి జవాబొచ్చింది: "నో". ఆరు నెలల్లో ఇది కొత్త మాట! మర్నాడు ఇంకోటి పంపాను. "డాడీ, నో." డాడీ అంది చూశారా? అప్పుడు కిటుకు తెలిసింది. తెలివైన ట్రేడ్‌కి ఒక్క మాటతో సరిపెడుతుంది. తెలివితక్కువ ట్రేడ్‌కైతే తిట్టడానికి నాలుగు మాటలు ఎక్కువ రాస్తుంది. ఇక చూసుకోండి, నా బుర్రంతా పెట్టి బుద్ధిలేని ట్రేడ్‌లు తయారుచేశాను. కాలు విరిగినవాడినిచ్చి చాంపియన్‌ని అడిగాను. ఒకసారి ఏకంగా పద్నాలుగు మాటలొచ్చాయి. "డాడీ, ఆర్ యూ సీరియస్? వాడు సెప్టెంబర్ వరకు ఆడడు. ప్లీజ్ న్యూస్ చదువు. అమ్మ ఎలా ఉంది?" లెక్కపెట్టి త్రివేణికి చదివి వినిపించాను.

ఇలా పదో స్థానంలో హాయిగా కాలం గడుపుతుంటే, మొన్న శుక్రవారం ఇషితే నాకు ట్రేడ్ పంపింది. మొదటిసారి!

ఆమెకి నా మూడో బేసాయన కావాలట. బదులుగా నేను గెంటేసిన పిచ్చర్‌ని, లీగ్ నంబర్ వన్‌ని, నాకు వెనక్కిస్తుందట. కింద నోట్ ఉంది.

"డాడీ, నీ థర్డ్ బేస్ ఆయన పది సార్లకి వన్ హిట్ కొడ్తాడు. అయినా నువ్వు ఫోర్ వీక్స్ వెయిట్ చేశావు. బికాజ్ నువ్వు పిక్ చేశావు. పేపర్ నేను పిక్ చేసుకున్నా. దానికి ఫోర్ డేస్ ఇచ్చావు."

ఇప్పుడు ఆ కారణం చెప్పక తప్పదు.

అక్టోబర్‌లో ఇషితకి కెమిస్ట్రీ మొదటి మిడ్‌టర్మ్‌లో అరవై ఒకటి వచ్చింది. అప్పటికి కాలేజీ పేపర్‌లో బేస్‌బాల్ వార్తలు రాస్తోంది. రెండు వ్యాసాలు అచ్చయ్యాయి, లింకులు నాకు పంపింది. నేను తెరవలేదు, మార్కులు మాత్రం చూశాను. నాలుగో రోజు కారేసుకుని వెళ్లాను. వాళ్ల హాస్టల్ లాబీలో ఆమె పక్కన కూర్చుని, పేపర్ మానేస్తున్నానని ఎడిటర్‌కి ఈమెయిల్ రాయించాను. "ఒక్క సెమిస్టర్ చూడు డాడీ, ప్లీజ్," అంది. ఆమె సెండ్ నొక్కేదాకా నేను కదల్లేదు. వందకి ముప్పై తెచ్చుకున్నవాడికి విగ్రహం పెట్టే ఆటని ప్రేమించిన పిల్లకి, అరవై ఒకటికి ఆ శిక్ష వేశాను.

క్లాస్ యావరేజ్ యాభై నాలుగని డిసెంబర్‌లో త్రివేణి చెప్పింది. నేను అడగనే లేదు కదా మరి.

ఆ ట్రేడ్ చూసి వీరభద్రం నా సీటు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, కళ్లు మూసుకుని ఒప్పేసుకోండి! ఒక్క దెబ్బకి ఆరో స్థానానికి వెళ్తారు. అమ్మాయి పొరపాటున పంపినట్టుంది." పొరపాటున కాదని నాకు తెలుసు. వెబ్‌సైట్‌లో రెండు బటన్లున్నాయి, ఒప్పుకోవడానికొకటి, కాదనడానికొకటి. తప్పు నాదే అని చెప్పడానికి బటన్ లేదు. ఇంత సాఫ్ట్‌వేర్ రాసే ఊళ్లో ఉంటూ ఎవరికీ తట్టలేదు!

చివరికి ఎదురు ట్రేడ్ పంపాను. మూడో బేసాయనని ఊరికే ఇస్తానంటే వెబ్‌సైట్ ఒప్పుకోలేదు, బదులుగా ఎవరినో ఒకరిని అడగమంది. ఆమె జట్టులో మోచేతికి ఆపరేషన్ అయి వచ్చే ఏడాదిదాకా ఆడని ఒకాయన ఉన్నాడు. అతన్ని అడిగాను. నోట్‌లో ఇలా రాశాను: "పిచ్చర్‌ని నువ్వే ఉంచుకో, నమ్మింది నువ్వు. ఆ రెండు ఆర్టికల్స్ ఇవాళ చదివాను. బాగా రాశావమ్మా. క్లాస్ యావరేజ్ అడగకపోవడం నా తప్పు. పేపర్‌కి మళ్లీ రాస్తావా?"

అది నిన్న పొద్దున్న. ఏడో రూలు ప్రకారం ఆమెకి నలభై ఎనిమిది గంటలు టైముంది. ముప్పై ఒకటి అయిపోయాయి.

కాబట్టి పాఠకులారా, పదో స్థానం మీద నాకేమీ ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదల్లా ఆ ఏడో రూలు మీదే. జవాబుకి నలభై ఎనిమిది గంటలా? మరీ అన్యాయం! పన్నెండుకి తగ్గించమని వీరభద్రానికి అర్జీ పెట్టాను. కుదరదన్నాడు.

ఇది రాస్తుంటే త్రివేణి మోకాలికి ఐస్ ప్యాక్ పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. నేను ఫోన్ తిప్పి చూడటం ఇది ఎన్నోసారో ఆమెకి తెలుసు.

"ఏమైనా వచ్చిందా?"

"ఇంకా లేదు."

"ఆగండి," అంది. "ఇంకా ఏప్రిలే కదా."