పగడానికో పేరు పెట్టరూ!

మీ ఇంట్లో పేరు తెలియని ప్రాణి ఏదైనా ఉందా? లేకపోతే మిమ్మల్ని చూస్తే నాకు జాలేస్తోంది. ఉన్నవాళ్లకే కదండీ ఫోన్లో సలహాల గ్రూపు అనే మహాభాగ్యం దక్కేది! నాకు దక్కింది.

మా హాల్లో ఉప్పునీళ్ల అక్వేరియం ఉంది. అందులో పెట్టడానికి కొన్న రాయి మీద చొక్కా గుండీ అంత గోధుమరంగు పగడం ఒకటి మొలిచింది. పగడమంటే ఉంగరంలోది కాదండోయ్, ప్రాణమున్నది! మా ఎనిమిదేళ్ల అమ్మాయి రోజూ స్కూలుకెళ్లే ముందు దానికి టాటా చెప్పేది. ఒకరోజు "నాన్నా, దీని పేరేంటి?" అని అడిగింది. తండ్రినైపోయాను కదా, తెలీదంటే పరువేం కాను? ఫోటో తీసి అక్వేరియం పెంచేవాళ్ల గ్రూపులో పెట్టాను.

పది నిమిషాల్లో నలభై మంది పెద్దమనుషులు దిగారు! సొంత అన్నదమ్ములే ఫోనెత్తని ఈ రోజుల్లో ఇంత ఆప్యాయత ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? ఒకాయన అది పగడమే కాదు, కలుపు, పీకెయ్యమన్నాడు. ఇంకొకాయన చాలా అపురూపమైన జాతి, తనకో ముక్క కొరియర్ చెయ్యమన్నాడు. మూడో ఆయన దాని అంచున దారాల్లా ఆడే చేతులు లెక్కపెట్టమన్నాడు. భూతద్దం పెట్టి లెక్కపెడితే ఒకసారి ఎనిమిదొచ్చాయి, ఇంకోసారి పదకొండొచ్చాయి. నా లెక్కల పరిజ్ఞానం మీద ఓ అరగంట చర్చ జరిగింది.

తర్వాత ఫోటోలో నీలం ఎక్కువైందన్నారు. లైటు మార్చాను. పక్కనుంచి తియ్యమన్నారు. రాయి తిప్పాను. అడుగు కూడా కనిపించాలన్నారు. రాయిని నీళ్లలోంచి బయటికి తీసి టార్చి కొట్టి, మళ్లీ నీళ్లలో ఓ మూల పెట్టాను. సైన్సు కోసం ఆ మాత్రం చెయ్యొద్దూ? ఈలోగా రిటైరైన లెక్చరర్ ఒకాయనా, అక్వేరియం షాపాయనా పగడం ఇంటిపేరు దగ్గర తగువుపడి, అలిగి గ్రూపులోంచి వెళ్లిపోయారు. అడ్మిన్ ఇద్దర్నీ బతిమాలి తీసుకొచ్చి, పేరు తేల్చడానికి ఓటింగు పెట్టాడు. ప్రజాస్వామ్యమంటే అదీ!

ఓట్లు పడుతుండగా అమ్మాయి ఏడుపు వినిపించింది. వెళ్లి చూస్తే పగడం ముడుచుకుపోయి మిరియపు గింజంతైంది.

"చచ్చిపోతోందా నాన్నా?"

ఆ మాటే గ్రూపులో అడిగాను. ఫోటో మసగ్గా ఉంది, ఇంకోటి పెట్టమన్నారు.

మా ఆవిడ నర్సు. డ్యూటీ నుంచి వచ్చి, భుజాన బ్యాగు కూడా దించకుండా రాయిని ఎప్పటి చోటే పెట్టింది. పాత లైటు బిగించింది. నా చేతిలో ఫోను లాక్కుంది.

"పేరు తెలియని పేషెంట్లు మాకు రోజూ వస్తారండీ. ముందు బతికిస్తాం, పేరు తర్వాత రాసుకుంటాం. మూడు రోజులు మీరు దాని జోలికి వెళ్లకండి!"

ఆ మూడు రోజులూ పిల్ల సరిగ్గా తినలేదు. నిజం చెప్పాలంటే నాకూ ముద్ద దిగలేదు. నాలుగో రోజు పొద్దున పగడం విచ్చుకుంది! కింద స్కూలు బస్సు హారన్ కొడుతున్నా మా అమ్మాయి అద్దం ముందు నుంచి కదల్లేదు.

అయినా గ్రూపు మీద నాకేం కోపం లేదు సుమండీ. ఫోను చేతికొచ్చాక చూస్తే మరో రెండొందల మెసేజీలున్నాయి. ఓపిగ్గా అన్నీ చదివాను. నా నీళ్లు, నా లైటు, నా ఫోను, నా లెక్కలు, చివరికి నేను పిల్లని పెంచే పద్ధతి, దేన్నీ వదల్లేదు మహానుభావులు. అన్నిటికీ పేర్లు పెట్టారు, ఒక్క పగడానికి తప్ప!