మూడు ముక్కుల నివేదిక

బోరు నీళ్లు పెట్రోలు వాసన కొట్టడం కంటే ఒక కుటుంబానికి పట్టే అదృష్టం ఇంకొకటి లేదు! నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

మా పెరటి గోడకు అవతల పెట్రోల్ బంకు ఉంది. దాని అడుగున పాతిపెట్టిన ట్యాంకుకు ఎప్పుడో చిల్లు పడింది. ఆ సంగతి బంకు యజమాని కంటే ముందు మా కొళాయికి తెలిసింది.

అప్పటి నుంచి మా ఇంటి కళే వేరు. ముందు దోమల సంగతి చూడండి. మా నీళ్ల తొట్టిలో గుడ్లు పెడదామని వచ్చిన దోమ ఒక్క క్షణం ఆగి, మనసు మార్చుకుని, పక్క వీధికి కాపురం మార్చేసింది. మా ఆవిడ అరిచేతులు అరిగేలా రుద్దినా వదలని కాలర్ జిడ్డు, ఇప్పుడు బకెట్లో ముంచితే చాలు, దణ్ణం పెట్టి వెళ్లిపోతోంది.

ఇక చుట్టాలు! వారం ఉంటామని రెండు పెట్టెలతో దిగిన మా బావగారు స్నానానికి వెళ్లి, తువ్వాలుతోనే బయటికొచ్చి, ఆఫీసులో అర్జంటు పని గుర్తొచ్చిందన్నారు. ఆయన రిటైరై నాలుగేళ్లయింది.

నా చేత సిగరెట్టు మాన్పించడానికి మా ఆవిడ పాతికేళ్లు పోరింది. పెట్రోలు ఒక్క పూటలో మాన్పించింది. "ఈ నీళ్లు పోసుకుని అగ్గిపుల్ల గీశారో, ఆ తర్వాత జరిగేదానికి నన్ననొద్దు" అంది అంతే. తాగడానికి మాత్రం క్యాన్లు తెప్పించుకునేవాళ్లం.

అన్నిటికంటే గొప్ప లాభం పరపతి. వీధి దీపం వేయమని పదేళ్లు అర్జీలు పెట్టుకుంటే పిల్లి కూడా తొంగి చూడలేదు. పెట్రోలు వాసన అనగానే ఇంజనీరు, లారీ, జనరేటరు, పసుపుపచ్చ టోపీలు! దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. వీళ్లను అలా అనడానికి వీల్లేదు. ఏడో నెలలో వచ్చారు.

ఇంజనీరు చక్కగా విడమరచి చెప్పాడు. పెట్రోలు నీళ్ల కంటే తేలికట. భూమి లోపల నీళ్ల మీద తెట్టులా తేలుతుందట. గొట్టాలు దింపి అడుగు నుంచి గాలి ఊదుతారట, పైకి లేచిన ఆవిరిని పీల్చి బొగ్గు నింపిన డ్రమ్ముల్లోకి పంపుతారట. మిగిలిన దాన్ని మట్టిలో ఉండే క్రిములు తినేస్తాయట. వాటికి గాలీ, కాస్త ఎరువూ అందిస్తే చాలునట.

చూశారా వైభోగం! కరెంటు పోతే నాకు విసనకర్రే గతి. మా పెరట్లో క్రిములకు మాత్రం జనరేటరు.

నాకు మాత్రం ఒక్కటే బెంగ. వచ్చే నెలాఖరుకు మా అమ్మాయి మూడు నెలల పాపతో వస్తోంది. మనవరాలిని నేనింకా ఫోన్లోనే చూశాను. "పాపకి ఈ నీళ్లతో స్నానం చేయించొచ్చాండీ?" అని ఇంజనీరును అడిగాను.

"అప్పటికి అద్దంలా చేసిస్తాం సార్. రాసిపెట్టుకోండి."

గొట్టాలు బుడబుడలాడాయి. డ్రమ్ములు గుర్రు పెట్టాయి. మొదటి వారం వాసన కాస్త తగ్గినట్టనిపించింది. రెండో వారం బాగా తగ్గింది. మూడో వారం ఒక ఉదయం కొళాయి తిప్పి, దోసిట్లో నీళ్లు పట్టి పీల్చి చూశాను. ఏమీ లేదు! చిన్నపిల్లాడిలా వంటింట్లోకి పరిగెత్తి మా ఆవిడకు వాసన చూపించాను. ఆవిడ కళ్లు చెమర్చాయి.

ఆ సాయంత్రమే ఇంజనీరు ఫారంతో వచ్చాడు. నీళ్లు పరీక్ష చేసే మిషను రిపేరుకు వెళ్లిందట. అది వచ్చేదాకా పని ఆగకూడదని పైవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారట. దాని పేరు "స్థానికుల ఘ్రాణ నివేదిక". ఇంటికి మూడు ముక్కులు. గడులూ మూడే: వాసన గట్టిగా ఉంది, కొద్దిగా ఉంది, లేదు.

మా ఇంటి మూడో ముక్కు మా అత్తగారిది. ఆషామాషీ ముక్కు కాదు. ఒకప్పుడు నేను మూడు వీధుల అవతల సిగరెట్టు కాల్చి, నోరు కడుక్కుని వస్తే, గుమ్మంలోనే పట్టేసుకున్న ముక్కది. ఆవిడ గ్లాసెత్తి రెండుసార్లు పీల్చి, "నిక్షేపంలా ఉన్నాయి బాబూ" అని తీర్పు చెప్పారు. ఇంకేం కావాలి? ముగ్గురం మూడో గడిలో టిక్కు పెట్టి సంతకాలు చేశాం. వీధి వీధంతా చేసింది. మర్నాడు గొట్టాలూ డ్రమ్ములూ లారీ ఎక్కాయి. మేం క్యాన్లు మానేశాం.

పద్దెనిమిది రోజులకు మా అమ్మాయి వచ్చింది. పాపను నా చేతుల్లో పెట్టి, టబ్బు కడిగి కొళాయి తిప్పింది. తిప్పిన చెయ్యి తిప్పినట్టే కట్టేసింది.

"నాన్నా, ఇదేంటి? నీళ్లు గుప్పున పెట్రోలు వాసన కొడుతున్నాయి!"

"ఏ వాసనే?" అంది మా ఆవిడ.

ముగ్గురం టబ్బు మీదికి వంగాం. ముగ్గురం పీల్చాం. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మాకేమీ రాలేదు. నా చంకలో ఉన్న పాప మాత్రం ముక్కు చిట్లించి, గుక్క పట్టి ఏడ్చింది.

"ఇవే తాగుతున్నారా మీరు?" అని అడిగింది అమ్మాయి.

సాయంత్రం బస్సుకే పాపను తీసుకుని వెళ్లిపోయింది. తప్పు పట్టను. నేనైనా అదే చేసేవాణ్ణి. మనవరాలు నా చేతుల్లో ఉన్నది మొత్తం మీద నాలుగు గంటలు.

మర్నాడు ఆఫీసుకు పోయి ఇంజనీరును నిలదీశాను. ఆయన నొచ్చుకోలేదు. "రోజూ పీల్చే వాసన ముక్కుకు తెలియదు సార్. అలవాటైపోతుంది. అది సైన్సు" అన్నాడు.

"మరి ఫారం ఇచ్చిననాడు ఆ ముక్క చెప్పలేదేం?"

"మీరడగలేదు కదండీ."

కాబట్టి పాఠకులారా, మొదట్లో అన్న మాట మీద ఇప్పటికీ నిలబడే ఉన్నాను. ఆ వాసన నిజంగా అదృష్టమే. అది వచ్చినన్నాళ్లూ క్యాన్లు తెచ్చుకుని బతికాం. అది పోయిందని సంతకం చేశాక పద్దెనిమిది రోజులు బోరు నీళ్లే తాగాం. తాగి, తియ్యగా ఉన్నాయని మెచ్చుకున్నాం కూడా!

ఫైలు మళ్లీ తెరవాలంటే, వాసన వస్తోందని ఆ ఇంటి మనిషే రాసివ్వాలట. మా అమ్మాయి రాయకూడదు, ఆమె అడ్రసు వేరు. మేం ముగ్గురం రాయకూడదు, రావడం లేదని ఇదివరకే రాసిచ్చాం.

"మీ ఇంట్లో వాసన తెలిసే మనిషి ఇంకెవరూ లేరా సార్?" అని జాలిగా అడిగాడు ఇంజనీరు.

"మా మనవరాలుందండీ. కావాలంటే మా ఇంటి అడ్రసు మీదే రాసుకోండి. కానీ సంతకం పెట్టడం రావాలంటే ఇంకో ఐదారేళ్లు పడుతుంది."

"తొందరేముంది సార్," అన్నాడు ఫైలు మూసి తాడు కడుతూ, "పెట్రోలు ఎక్కడికీ పోదు."