మా ఊరి యుద్ధ రహస్యం

అక్షరాలు ముసలితనంలో నేర్చినదాన్ని. ఒత్తులు తప్పితే మీరే దిద్దుకోండి. యుద్ధం ఆగి చాలా కాలమైంది, నా రాత ఇప్పటికి తెమిలింది.

సరిహద్దులో యుద్ధం మొదలైన రోజే గురజాల దగ్గరి మా ఊరు కూడా రంగంలోకి దిగింది. సర్పంచి చెన్నకేశవులు గారు మైకు పట్టుకుని, "శత్రువు కన్ను మన మీదే ఉంది! మన కల్లాల్లో మిరపకాయలు విమానంలోంచి ఎర్రగా కనపడతయ్!" అని ప్రకటించారు. అందరం గర్వపడ్డాం.

వెంటనే గూఢచారుల నిఘా కమిటీ ఏర్పడింది. ఇక గూఢచారి దొరకడమే తరువాయి. గాజులమ్మే ఖాతూన్ బీ దొరికింది. ఆమె ఇంటింటికీ తిరుగుతుంది, ప్రతి ఆడమనిషి చేతి కొలతా ఆమెకు తెలుసు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆమె బుట్ట ఊళ్లోకి రాకూడదని తీర్మానించారు. అది పెళ్లిళ్ల నెల. ఏడాది తిండి ఆమెకు ఆ నెల గాజుల్లోనే ఉంది.

సర్పంచి భార్య బుల్లెమ్మ నన్ను వెంటేసుకుని ఊరి చివరున్న ఆమె ఇంటికి వెళ్లింది. "ఏడవబాక ఖాతూనూ, ఆయన సంగతి నేను జూస్తా" అని, ఖాతూన్ బీ కూతురు ఫాయిజా కొత్త నంబరు నుంచి తన మొగుడు సర్పంచికే ఫోను చేసి, మాటలు రికార్డు పెట్టింది.

"నీ గొంతు గుర్తుపట్టడా?" అన్నాను.

"నేను తియ్యగా మాట్టాడంగా ఎప్పుడిన్నాడు వదినా, గుర్తుపట్టటానికి?"

సంజన అనే పేరుతో, కుంకుడుకాయంత చేదు కూడా లేని గొంతుతో, "సార్, మీ దగ్గర పెద్ద రహస్యాలున్నాయంట కదా" అంది. కమిటీ అధ్యక్షుడు కనుక, ఈమె శత్రు గూఢచారిణి అని ఆయన ఇట్టే కనిపెట్టారు. కనిపెట్టి, భార్య ఇంట్లో లేదని చూసుకుని, తలుపేసుకున్నారు.

పాపం, సైన్యం రహస్యాలు ఆయన దగ్గర లేవు. ఉన్న ఒక్కటీ ఇచ్చేశారు. మా వైపు రైతు మిరపకు ఏ మందు కొట్టాడో కన్నతండ్రికి కూడా చెప్పడు, డబ్బా మీద లేబుల్ చించి పొయ్యిలో వేస్తాడు. తామర పురుగు ఊరి మిరపంతా ఊడ్చిన ఏడాది పచ్చగా నిలిచింది సర్పంచి గారి తోట ఒక్కటే. ఆ మందు పేరు సంజనకు చెప్పారు.

"మీ ఊళ్లో మా మనిషి పట్టుబడిందంట?"

"ఆ గాజులామె గూఢచారేంది సంజనా! ట్రాక్టర్ పెట్టుకోను జాగా అడిగితే ఇయ్యలా. అందుకే ఆ పేరు పెట్టా."

మర్నాడు ఊరందరి ముందూ బుల్లెమ్మ ఆ రికార్డు మైకులో వినిపించింది. సర్పంచి గారు తడబడలేదు. "దేశం కోసం శత్రువును మాటల్లో పెట్టా!" అన్నారు. ఆ మాట ఎవరూ వినలేదు. గాజులామె సంగతీ వినలేదు.

"ఒరేయ్, మందు పేరు కాడ మైకు కూసింది! మళ్లీ ఎయ్యండ్రా!" అని ఇన్నయ్య లేచాడు. అతను కమిటీ కార్యదర్శి.

బుల్లెమ్మ ఫోను కొంగున కట్టేసింది. "ముందు ఆమె బుట్ట ఊళ్లోకి రావాల. తర్వాతే మందు."

దేశభద్రత మీద తీర్మానం ఏకగ్రీవంగా రద్దయింది. రికార్డు మళ్లీ వేశారు. ఈసారి ఊరంతా చెవులు మైకుకే అప్పగించింది.

ఖాతూన్ బీ గాజులు అమ్ముడుపోయాయి. ఆమెకు క్షమాపణ చెప్పినవాళ్లు ఇంతవరకూ లేరు.

ఇంత చదివిన మీరైనా ఆమె ఎలా ఉందని అడుగుతారనుకున్నాను. ఆ మందు పేరేమిటనే కదా మీరూ అడగబోయేది?

అంకమ్మ, అరవై ఎనిమిదేళ్లు,
ప్రస్తుతం నరసరావుపేటలో ఉంటున్నాను.