హోళీ దెబ్బలు లెక్కలోకి రావు

ఆ పొద్దున హాతీరాం పెట్టుకున్న పని ఒక్కటే. బొగ్గుగనుల్లో లారీ డ్రైవరు ఉద్యోగానికి ఒళ్లు బాగుందని కాలనీ దవాఖానాలో రాయించుకుని, మధ్యాహ్నం బస్సుకు తండా చేరాలి. ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఉద్యోగం అది. కాకపోతే ముందురోజు హోళీ. తండాలో కొత్తగా మగపిల్లాడు పుట్టిన ఇంటి ముందు ఆడవాళ్లు కర్రలతో కాపలా కాసే పూరీల గంగాళాన్ని మగవాళ్లు లాక్కోవాలి. హాతీరాం లాక్కున్నాడు. వీపు మీద ఎన్ని కర్రలు పడ్డా వదలని మొండిఘటం మరి.

దవాఖానా మెట్లెక్కుతుంటే ఎడమ పక్కన కలుక్కుమంది. రొమ్ము పట్టుకున్నాడు. అది డాక్టర్ రుక్మిణి కంట్లో పడింది.

"ఛాతీల నొప్పా?"

"జర పట్టేసింది డాక్టరమ్మా, అంతే."

"యాడన్నా పడ్డవా? ఎవరన్నా కొట్టిన్రా?"

"నన్నెవరు కొడ్తరు?"

పాపం, అబద్ధమాడలేదు. హోళీనాడు ఆడవాళ్లు వేసిన దాన్ని దెబ్బ అన్న మగవాడు ఆ తండాలో ఇంతవరకూ పుట్టలేదు.

డాక్టరమ్మ రక్తం తీయించింది. కండ దెబ్బతింటే అందులోంచి సీపీకే అనేదొకటి రక్తంలోకి కారుతుంది. గుండె కూడా కండే. లెక్క ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు వచ్చింది. ఈసీజీ మిషను చూస్తే మరమ్మతుకు పోయి ఉంది. కదలొద్దని హాతీరాంను మంచమెక్కించారు. వీపు ఆనగానే మూలిగాడు. కాంపౌండర్ సీతయ్య జాలిపడి, ఎవరికీ చెప్పకుండా రెండు తుంట్లకూ నొప్పి సూదులు పొడిచాడు. సూది పోటూ కండకు గాయమే కాబట్టి సాయంత్రానికి లెక్క ఇంకా పెరిగింది.

"గుండె జబ్బోనికి లారీ ఇయ్యరు కదా డాక్టరమ్మా?" అన్నాడు హాతీరాం. అందులో గుండె వాటా ఎంతో విడిగా తేల్చే ఇంకో పరీక్షకు ఆమె చీటీ రాసింది.

హాతీరాంకు గుండె పట్టిందన్న కబురు కారేపల్లి బస్సు కండక్టరు నోట బయల్దేరి, తండా చేరేసరికి గుండె ఆగిపోయింది. ట్రాక్టరు నిండా జనం దిగారు. బావమరిది లచ్చిరాం ప్రేమకొద్దీ గట్టిగా వాటేసుకున్నాడు. హాతీరాం కెవ్వుమన్నాడు. జనం గొల్లుమన్నారు.

భార్య సోమ్లి డాక్టరమ్మ కాళ్ల మీద పడింది. "నేనే సంపుకున్న. ఆఖరు కర్ర నాదే. గంగాళం ఇడువుమన్న, ఇడువలే."

"ఏం కర్ర?"

చొక్కా విప్పితే వీపంతా నేరేడుపండు రంగు. అప్పుడే ల్యాబు నుంచి ఆ పరీక్ష ఫలితం వచ్చింది. గుండె వాటా మామూలుగానే ఉంది. కారిందంతా వీపుదీ భుజాలదీ.

"దెబ్బల్లేవన్నవ్ కదయ్యా?"

"అవి దెబ్బలు కావు డాక్టరమ్మా, పండుగ."

సోమ్లి కళ్లు తుడుచుకుంది. "ఎవరు కొట్టింది రక్తంల తెలుస్తదా?"

"అది తెల్వదు. ఎంత గట్టిగ కొట్టింది తెలుస్తది."

తండా ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. లెక్క ఎంతో మళ్లీ ఒకసారి చదివించుకుని, తృప్తిగా ట్రాక్టరెక్కారు.

కొన్నాళ్లకు రక్తం కుదుటపడింది, ఉద్యోగం వచ్చింది. మరుసటేడు హాతీరాం తన మొదటి సెలవు అడిగాడు. హోళీకి కాదు, హోళీ మర్నాటికి.