స్ట్రాబెర్రీ కూలి

ఆ ఆదివారం పొద్దున సైదున్నీసా వేసుకున్న పథకం చాలా చిన్నది. పెళ్ళివాళ్ళ జాకెట్లు ఆరు మిగిలాయి. వాటికి హుక్కులు కుట్టి, ఇస్త్రీ చేసి, పన్నెండుకల్లా అప్పగించి, మధ్యాహ్నం కాళ్ళు చాపుకొని పడుకోవాలి. ప్రొద్దుటూరులో ఇరవై ఏళ్ళుగా ఇంటి ముందరి గదిలోనే టైలరింగ్ అంగడి నడుపుతున్న మనిషి ఆదివారం నుంచి అంతకన్నా ఏం కోరుకుంటుంది? మొదటి జాకెట్టు ఒళ్ళో పెట్టుకొని, సూదిలో దారం ఎక్కించబోతూ, అలవాటు కొద్దీ ఫోను చూసింది. ఆ తర్వాత ఆ సూదిని ఆ రోజు మళ్ళీ ముట్టుకోలేదు.

ఆమె తమ్ముడు ఆరిఫ్ ఇంగ్లండులో ఉంటాడు. భార్య షాహిస్తా అక్కడి ఆస్పత్రిలో నర్సు. వాళ్ళకు ఐదేళ్ళ కూతురు ఫరహత్, మూడేళ్ళ కొడుకు. తల్లి పోయాక ఆరిఫ్‌ను పెంచి పెద్దచేసింది సైదున్నీసాయే. అందుకే వాళ్ళు శనివారం పూట పిల్లల్ని ఎక్కడికి తిప్పినా ఫొటోలు ముందు ఆమెకే వస్తాయి. ఒక వారం పాత రైలింజన్లు, ఒక వారం బాతుల చెరువు, ఒక వారం స్వెటర్లు తొడుక్కొని వణుకుతూ సముద్రం. అంగడికి వచ్చినవాళ్ళకు టేపు పట్టేలోపల ఆ ఫొటోలు చూపించకపోతే సైదున్నీసాకు కొలత సరిగ్గా వచ్చేది కాదు.

ఈ వారం ఫొటోలు చూసి ఆమె లేచి నిలబడింది.

కనుచూపు మేర చేను. సన్నగా వాన. షాహిస్తా నడుము వంచి సాళ్ళలో ఎర్రటి పండ్లేవో కోస్తోంది. ఆరిఫ్ చేతిలో బకెట్. ఫరహత్ మోకాళ్ళ దాకా బురద పూసుకొని గొంతుక్కూర్చొని కోస్తోంది. చిన్నవాడు బురదలో కూలబడి నోరంతా తెరిచి ఏడుస్తున్నాడు. నలుగురి మణికట్లకూ గులాబీ రంగు పట్టీలు. వెనకాల గడ్డం పెంచిన దుక్కలాంటి మనిషి ఒకడు టోపీ పెట్టుకొని, నడుము మీద చేతులు వేసుకొని వీళ్ళనే చూస్తున్నాడు.

ఫొటోల కింద మేనత్తకని ఫరహత్ గొంతు రికార్డు చేసి పంపించారు. "ఫుప్పూ! మేం పొద్దున్నే పోయినాం. వానొచ్చినా కోసినాం. తమ్ముడు ఏడ్చినాడు. ఒక అంకుల్ తూకమేసినాడు. కోసేటప్పుడు తినొద్దన్నాడు. నాకు నడుం నొప్పి."

"ఏమయ్యో! ఇట్ల రా!" అని సైదున్నీసా వేసిన కేకకు ఆమె భర్త జిలానీ నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చాడు. కువైట్‌లో పన్నెండేళ్ళు డ్రైవరుగా పనిచేసి వచ్చినవాడు కాబట్టి, పరదేశం సంగతి ఏది వచ్చినా ఇంట్లో ఆయన మాటే చివరి మాట. ఫొటోలను రెండు వేళ్ళతో పెద్దవి చేసి చూశాడు. మూడుసార్లు విన్నాడు.

"చేతికి పట్టీ కట్టేది రెండే తావుల్లో. ఒకటి ఆస్పత్రి, రెండోది జైలు. ఇది ఆస్పత్రి మాదిరి లేదు" అన్నాడు. గడ్డపాయన మీద వేలు పెట్టాడు. "వీడు మేస్త్రీ. నిలబడిండే తీరు చూడు."

"ముప్పై దినాలు కూడా కాలేదు పుట్టి, అప్పట్నుంచి చంకలో ఏసుకొని సాకినా వాణ్ణి! వాని చేతికి బకెట్ ఇస్తారా! పసిబిడ్డలకు తిండి కూడా పెట్టకుండా!" సైదున్నీసా వెంటనే ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. ఏడుసార్లు చేసింది.

"ఆడ ఇప్పుడు తెల్లవారుజాము నాలుగు" అన్నాడు జిలానీ.

"నాలుగైతే మాత్రం అక్క ఫోను తీయడా?"

"తీస్తాడు. ఫోను వాని దగ్గరుంటే తీస్తాడు."

ఆ మాటతో ఆమె ఏడుపు అందుకుంది. సరిగ్గా అప్పుడే పక్కింటి వనజమ్మ జాకెట్టు కోసం లోపలికి వచ్చింది. ఏడుస్తున్న మనిషిని ఏమైందని అడక్కుండా ఉండే గుణం వనజమ్మకు లేదు. విన్నదాన్ని కడుపులో దాచుకునే గుణం అంతకన్నా లేదు. పావుగంటలో వీధి మొత్తానికీ ఆరిఫ్‌ను ఇంగ్లండులో కట్టేసి పని చేయిస్తున్నారని తెలిసింది. అరగంటలో ఆ సంగతి పులివెందులలో షాహిస్తా తల్లి దిల్షాద్‌బీ చెవిన పడింది. ఆమె ఫోను చేసి వివరం అడగలేదు. నేరుగా కారు మాట్లాడుకొని బయలుదేరింది.

జిలానీ కూడా ఊరుకోలేదు. షాహిస్తా వీసా కాగితాలు నింపింది జమ్మలమడుగులో జయప్రకాష్ అనే కన్సల్టెన్సీ అతను. ఆదివారం కావడంతో అతను పెరట్లో కూర్చొని మీసానికి రంగు వేసుకుంటున్నాడు. ఒక పక్క వేశాడు. రెండో పక్క వేసే అవకాశం జిలానీ ఇవ్వలేదు. "నర్సు పనని చెప్పి చేన్లోకి పంపిస్తావా! నడువ్!" అని, చొక్కా తొడుక్కునేంత సేపు మాత్రం ఆగి, బండెక్కించుకొని ప్రొద్దుటూరు తెచ్చాడు. జయప్రకాష్ దారి పొడుగునా ఒకే మాట చెప్పాడు. "అన్నా, నేను నింపింది ఆస్పత్రి ఫారమే, అల్లా తోడు!" తాను హిందువని కూడా ఆ గాభరాలో మరిచిపోయాడు.

పదకొండున్నరకు దిల్షాద్‌బీ దిగింది. గడప దాటకముందే మొదలుపెట్టింది.

"మాకు పులివెందుల్లో ఆరెకరాల చీనీ తోట ఉంది. ఏ పొద్దూ నా బిడ్డను ఒక్క చీనీకాయ కోయనీయలేదు నేను! ఎండ తగుల్తాదని తోటలోకే రానీయలేదు! మీ తమ్మునికి చేతకాక నా బిడ్డను వానలో నడుం వంచిపిస్తాండాడా?"

"మా వాణ్ణంటే ఊరుకోను వదినా! నీ బిడ్డ డ్యూటీకి పోతే ఇంట్లో వంట చేసేదెవురు? పిల్లోళ్ళకు నీళ్ళు పోసేదెవురు? నీ బిడ్డే వాణ్ణి చేన్లోకి తీసకపోయి ఉంటాది!"

"నర్సుకు చేన్లో ఏం పని?"

"అదే నేను అడుగుతాండా, ఏం పని?"

ఇద్దరూ కాసేపటికి ఒకరినొకరు తిట్టుకోవడం మాని, కలిసి జయప్రకాష్ మీదికి తిరిగారు. అతను ఒక పక్క నల్లగా, ఒక పక్క తెల్లగా ఉన్న మీసాన్ని చేత్తో మూసుకొని, కుట్టు మిషను వెనక్కి జరిగాడు. వీధి నిండా జనం. వనజమ్మ కొడుకు అవినాష్ బీటెక్ చేసి రెండేళ్ళుగా ఖాళీగా ఉన్నాడు గనుక కలెక్టరుకు అర్జీ రాసే బాధ్యత అతని మీద పడింది. పండు పేరు తెలియక 'ఒక విధమైన ఎర్ర పండు' అని రాశాడు. వీధిలో పదిహేడు మంది సంతకాలు చేశారు. అందులో ఒకాయన జాకెట్లు తీసుకోవడానికి వచ్చిన పెళ్ళికూతురు తండ్రి.

పన్నెండు నలభైకి ఫోను మోగింది. వీధి గోలకు మాట వినపడదని జిలానీ తలుపూ కిటికీ మూసేశాడు. వీడియో కాల్. ఆరిఫ్ నిద్రమొహంతో దిండుకు ఆనుకొని ఉన్నాడు.

"ఏంది ఆపా, ముప్పై నాలుగు మిస్డ్ కాల్స్! ఎవురికేమైంది?"

"మాకేం కాలేదు! నీకేమైందో చెప్పు! ఆ గడ్డపోడు పక్కన ఉండాడా? ఉంటే తల మాత్రం ఊపు!"

"ఏ గడ్డపోడు?"

"మేస్త్రీ!"

ఆరిఫ్ కాసేపు ఆలోచించాడు. "టోపీ పెట్టుకున్నాయనా? ఆయన మా ఎదురింటాయన ఆపా. వాళ్ళ పిల్లోళ్ళను కూడా తీసకొచ్చినాడు."

"వాళ్ళను కూడా కూలికి పెట్టినారా!" అంది దిల్షాద్‌బీ.

"కూలేంది అత్తమ్మా? పిల్లోళ్ళను తిప్పుకొచ్చేదానికి పోయినాం. స్ట్రాబెర్రీ తోట. టికెట్ కొనుక్కొని లోపలికి పోవాల. చేతికుండే పట్టీ ఆ టికెట్టే. పండ్లు మనమే కోసుకోవాల. బయటికొచ్చేటప్పుడు తూకమేస్తారు, దానికి దుడ్లిచ్చి తెచ్చుకోవాల. శానా గిరాకీ. మూడు వారాల ముందే బుక్ చేసినాం."

కుట్టు మిషను వెనక జయప్రకాష్ గట్టిగా ఊపిరి వదిలాడు.

సైదున్నీసా ఫోనును మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. "మళ్ళొకసారి చెప్పు. టికెట్ నువ్వే కొన్నావు."

"ఊ."

"వానలో పండ్లు నువ్వే కోసినావు. పసిబిడ్డలతో కోయించినావు."

"వాళ్ళకు సరదా ఆపా."

"కోసిన పండ్లకు మళ్ళా నువ్వే దుడ్లిచ్చినావు."

"అంతే."

"వాళ్ళేం చేసినారు?"

"వాళ్ళు... తూకమేసినారు."

అంతవరకూ సైదున్నీసాకు వచ్చింది దుఃఖం. ఇప్పుడు వచ్చింది కోపం. "నా బిడ్డను కట్టేసినారని పొద్దున్నుంచి పచ్చి గంగ ముట్టలేదు రా నేను! నీ మొహానికి కట్టేసినా బాగుండు!"

దిల్షాద్‌బీ ఫోను లాక్కుంది. "మన తోటలో కాయలు కోసేదానికి కూలోళ్ళు దొరక్క మీ మామ ఊరూరూ తిరుగుతాంటే, మీరు పరాయోని చేన్లో టికెట్ కొని కోస్తారా? షాహిస్తాను పిలువు! యాడుంది?"

"డ్యూటీకి పోయింది అత్తమ్మా. వచ్చే శనివారం ఉంటాది. ఆ పొద్దు గొర్రెలకు మేత పెట్టేదానికి పోతాండాం."

"దానికీ..." అని ఆగాడు జిలానీ. అడగడానికి ఆయనకు భయమేసింది.

"దానికీ టికెట్టే బావా. బక్కెట్టు గడ్డి మాత్రం వాళ్ళే ఇస్తారు."

సైదున్నీసా ఫోను పెట్టేసింది. పన్నెండేళ్ళ కువైట్ అనుభవం గోడవైపు చూస్తూ కూర్చుంది. బయట వనజమ్మ గొంతు వినిపిస్తోంది. "సైదమ్మా! ఏమన్నాడు? విడిపించినారా?" కిటికీ అద్దానికి ఆనుకొని తలలు ఒకదాని మీద ఒకటి. అవినాష్ అర్జీని విప్పి పట్టుకొని నిలబడ్డాడు.

సైదున్నీసా తలుపు దాకా నడిచింది. ఆ నాలుగడుగుల్లో ఆమె చాలా ఆలోచించింది. తమ్ముడు డబ్బు కట్టి కూలి చేశాడని ఈ వీధికి తెలిస్తే, ఆమె ఏ జాకెట్టు కుట్టినా దాని కొలతల కన్నా ముందు ఈ మాటే వస్తుంది. టికెట్ కొని గొర్రెలు మేపబోతున్నాడని తెలిస్తే అంగడి మూసుకోవాల్సిందే. అంతకన్నా పొద్దుట్నుంచి అందరూ అంటున్నదే మేలు.

"అవును వనజమ్మా, కూలికే పోయినారు" అంది తలుపు తీసి, తల ఎత్తి. "ఎవురూ కట్టేయలేదు. ఆడ సెలవు దినం ఊరికే కూర్చోరంట. పెద్ద పెద్ద చదువులోళ్ళు కూడా పోతారంట. పని దొరకాలంటే మూడు వారాల ముందే పేరు రాయించుకోవాలంట. అంత గిరాకీ."

ఆమె వెనక నుంచి దిల్షాద్‌బీ ఏ మాత్రం తడుముకోకుండా అందుకుంది. "కూలి కూడా శానా ఇస్తారంట."

జనం మెల్లగా కదిలారు. పెళ్ళికూతురు తండ్రి హుక్కులు లేని జాకెట్లనే చుట్టి పట్టుకుపోయాడు. జయప్రకాష్ మిగతా సగం మీసం కోసం జమ్మలమడుగు బస్సెక్కాడు. అవినాష్ అర్జీని మడిచి జేబులో పెట్టుకుంటూ, ఎందుకో దాన్ని చింపలేదు.

సోమవారం సైదున్నీసా అంగడి తలుపు తీసేసరికి, కూలికి బీటెక్ మార్కులు అడుగుతారేమోనని కొడుకు సర్టిఫికెట్లన్నీ జిరాక్సు తీయించుకొని వనజమ్మ మెట్ల మీద కూర్చొని ఉంది.