బావగారి రోప్‌వే సరదా

మచిలీపట్నంలో గాలికి ఒక దురలవాటు ఉంది. కావలసినప్పుడు రాదు. ఏప్రిల్ మొదట్లోనే, పొద్దున్నే కరెంటు పోయి, బనీను వీపుకి అంటుకుపోయి, విసనకర్ర ఎక్కడ పెట్టామా అని ఇల్లంతా వెతుకుతుంటే బయట కొబ్బరాకు కూడా కదలదు. సముద్రాన్ని పక్కన పెట్టుకుని ఈ ఉక్కపోత ఏమిటని అడుగుదామంటే అడిగే ఆఫీసు లేదు. అదే పెళ్లికి షామియానా వేసిన రోజు చూడండి, ఎక్కణ్ణుంచి వస్తుందో వచ్చి గుంజలతో సహా పట్టుకుపోతుంది.

ఆ ఆదివారం పొద్దున ధర్మారావు డాబా మీద నిలబడి గాలి కోసం ఎదురుచూస్తున్నది మాత్రం చెమటకి ఓర్చుకోలేక కాదు. కాస్త గాలి వీస్తే, దాన్ని సాక్ష్యంగా పెట్టుకుని వియ్యంకుడికి ఒక ఫోన్ చేద్దామని.

ధర్మారావు ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిముల సెక్షను చూస్తాడు. కూతురు తనూజకి నాగాయలంక సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు ప్రసాద్‌కి వైజాగ్‌లో ఉద్యోగం. తండ్రి గంగాధరరావుకి రెండు బోట్లున్నాయి, వాటి మీద పన్నెండు మంది వేటకెళ్తారు. పెళ్లి జూన్‌లో అనుకున్నారు, ఎందుకంటే మే మొదటి వారంలో తనూజకి సీఏ ఫైనల్ పరీక్షలు. పోయినసారి రెండు మార్కుల్లో పోయింది. ఈసారి గోడకి టైంటేబుల్ అంటించుకుని, ఫోన్ బీరువాలో పెట్టి చదువుతోంది. అంతవరకూ అందరూ సుఖంగానే ఉన్నారు.

వచ్చిన చిక్కల్లా హాల్లో గోడకున్న ఫోటోతో. అందులో ధర్మారావు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, రోప్‌వే పెట్టెలోంచి సగం బయటికి వంగి చెయ్యి ఊపుతుంటాడు. మాటలు ఖాయం చేసుకోవడానికి వచ్చిన రోజున గంగాధరరావు తన బోటు తుఫానులో చిక్కుకుని ఎలా బయటపడిందో చెబుతుండగా, ఆయన భార్య సుబ్బాయమ్మ ఆ ఫోటో చూసి, "అన్నయ్యగారు ఇలాంటివి కూడా ఎక్కుతారా?" అని అడిగింది. ధర్మారావు తాత కోడూరులో పేరున్న చేపల వేటగాడు. సముద్రం మీద బతికే వియ్యంకుడి ముందు తాత పరువు నిలబెట్టాలనిపించింది.

"ఎక్కడమేమిటి చెల్లెమ్మా, గాలికి ఊగితేనే దాని మజా" అన్నాడు.

నిజానికి ఆ ఫోటో తీసినప్పుడు పెట్టె నేల మీదే ఉంది. ఫోటో అయ్యాక చెప్పు తెగిందని దిగిపోయి, ఉత్త కాళ్లతో మెట్లమీదుగా కొండ దిగాడు. ఒక తీగ, తీగకి వేలాడే ఒక డబ్బా, డబ్బాలో తను, పక్కనుంచి గాలి. ఇందులో నేల ఎక్కడుంది అన్నది ఆయన ప్రశ్న. ఈ భయం సంగతి విజయకుమారికి తెలుసు. భార్యకి తెలుసని ధర్మారావుకి తెలియదు.

గంగాధరరావు మర్యాదస్తుడు. బావగారికి ఇష్టమైనది ఒకటుందని తెలిశాక ఊరుకోగలడా? వచ్చే ఆదివారం రెండు కుటుంబాలూ వైజాగ్ వెళ్లి, పిల్లాడి ఫ్లాటు చూసి, రోప్‌వే ఎక్కేలా ఏర్పాటు చేసేశాడు.

కొబ్బరాకు కదలకపోయినా ధర్మారావు ధైర్యం చేసి ఫోన్ చేశాడు.

"బావగారూ, వచ్చే ఆదివారం గాలులు గట్టిగా ఉంటాయంటున్నారండి. రోప్‌వే మరోసారి చూసుకుందామా?"

"ఎవరండీ అన్నది?"

"టీవీలో."

"ఏ టీవీ బావగారూ. మా బోట్లు రెండూ సముద్రం మీదే ఉన్నాయి. బందరు పోర్టులో ప్రమాదం నెంబరు ఎగరేస్తే ముందు నాకే ఫోనొస్తుంది. ఏ నెంబరూ లేదు. సముద్రం పళ్లెంలో పోసిన పాయసంలా ఉందంట. అయినా కాస్త గాలుంటేనే మీకు మజా అన్నారుగా."

సముద్రం మీద బతికేవాడికి గాలి గురించి అబద్ధం చెప్పడం కంసాలికి ఇత్తడి గాజులు అమ్మబోవడం లాంటిది. ధర్మారావు "అవుననుకోండి" అని ఫోన్ పెట్టేశాడు.

సోమవారం ఆఫీసులో పక్క సీటు మీరా సాహెబ్‌కి సంగతంతా చెప్పుకున్నాడు. మీరా సాహెబ్ టీ గ్లాసు ఖాళీ చేసేదాకా ఆలోచించాడు.

"డాక్టరు ఎత్తులెక్కొద్దన్నాడని చెప్పండి. డాక్టరు మాటకి అప్పీలు లేదు."

"ఏం జబ్బని అడిగితే?"

"వియ్యంకులు జబ్బు పేరు అడగరు ధర్మారావు గారూ. అడిగితే ఏం బాగుంటుంది?"

మీరా సాహెబ్ చెప్పినట్టే జరిగింది. గంగాధరరావు జబ్బు పేరు అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. "అలాగా బావగారూ. ఆరోగ్యం కన్నా ఏముందండీ. నేనెవరికీ చెప్పను లెండి" అన్నాడు.

అన్నట్టే ఎవరికీ చెప్పలేదు, భార్యకి తప్ప. సుబ్బాయమ్మ కూడా ఎవరికీ చెప్పలేదు, గుడివాడలో ఉన్న ఆడపడుచుకి తప్ప. ఈ గుడివాడ అక్కయ్య గంగాధరరావుకి పెద్దక్క. ఆ వంశంలో పేర్లు పెట్టడం, ముహూర్తాలు పెట్టడం, మందలించడం ఆవిడ శాఖలు. ఆవిడ అసలు ఎవరికీ చెప్పలేదు. గుండెకి మంచి డాక్టరు ఎవరున్నారని నలుగురినీ అడిగిందంతే.

మంగళవారానికి ధర్మారావు గుండెలో రంధ్రం పడింది. బుధవారం పొద్దున స్టెంటు వేశారు. సాయంత్రానికి ఇంకోటి వేశారు. ఇవన్నీ జరుగుతున్నప్పుడు ఆయన ఆఫీసులో పునుగులు తింటున్నాడు.

గురువారం సాయంత్రం నాగాయలంక నుంచి, గుడివాడ నుంచి రెండు కార్లొచ్చి గుమ్మంలో ఆగాయి. బత్తాయిలు, హార్లిక్సు సీసాలు దిగాయి. అందరూ చెప్పులు చప్పుడు కాకుండా విప్పారు. ధర్మారావు కుర్చీ జరపబోతే గంగాధరరావు పరుగున వచ్చి, "మీరు బరువులు ఎత్తకూడదు బావగారూ" అని లాక్కున్నాడు. అది ప్లాస్టిక్ కుర్చీ.

వంటింట్లో సుబ్బాయమ్మ విజయకుమారి చెయ్యి పట్టుకుంది.

"ఎలా తట్టుకుంటున్నారు వదినా?"

విజయకుమారి మామూలు కుశల ప్రశ్నే అనుకుంది. "ఏముందండీ, పెళ్లయిన దగ్గర్నుంచీ ఇంతేగా. అలవాటైపోయింది."

"పెళ్లయిన దగ్గర్నుంచీనా?" సుబ్బాయమ్మ అక్కడే పీట మీద కూలబడింది.

హాల్లో గుడివాడ అక్కయ్య గొంతు సవరించుకుంది. "మనమంతా మనుషులం. ఎప్పుడేమవుతుందో చెప్పలేం. అనకూడదు గానీ, ఏమన్నా అయితే ఏడాది దాకా ఇంట్లో శుభకార్యం చేసుకోకూడదు. తండ్రి చేతుల మీదుగా కన్యాదానం జరగాలని ఆడపిల్లకి మాత్రం ఉండదా? అందుకని పంతులుగారితో మాట్లాడాను. జూన్ వద్దు. మే ఆరో తారీకు దివ్యంగా ఉంది."

తనూజ లోపలి గదిలోంచి పెన్ను పట్టుకుని బయటికొచ్చింది. "పెద్దమ్మగారూ, ఆ రోజు నాకు పరీక్ష."

"పరీక్ష మళ్లీ వస్తుందమ్మా. నాన్న మళ్లీ రాడు."

వంటింట్లోంచి వచ్చిన సుబ్బాయమ్మ ఈ మాటకి ఏడ్చింది. ఆవిణ్ణి చూసి విజయకుమారి ఎందుకో తెలియకుండానే ఏడ్చింది.

"నాకేం లేదక్కయ్యగారూ. నేను బాగానే ఉన్నాను" అన్నాడు ధర్మారావు.

"మా ఆయనా ఇలాగే అనేవారు" అంది అక్కయ్య. ఆవిడ భర్త పోయి చాలా కాలమైంది. పెళ్లికొడుకు ప్రసాద్ ఫోన్‌లో, పరీక్ష అయ్యాకే చేసుకుంటానన్నాడట. పెళ్లికొడుకుని ఎవరడిగారు?

వాళ్లు వెళ్లాక తనూజ తండ్రిని డాబా మీదికి తీసుకెళ్లింది.

"నిజం చెప్పు నాన్నా. ఏమైంది నీకు?"

"ఏమీ కాలేదమ్మా."

"మరి డాక్టరు?"

"డాక్టరూ లేడు. ఆ రోప్‌వే ఒకటుంది చూడూ..." అని ఆగిపోయాడు.

తనూజకి సంగతి అర్థమైంది. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "భయమని చెప్పెయ్ నాన్నా. అందులో తప్పేముంది?"

"నాగాయలంక వాళ్ల దగ్గర గాలికి భయమని చెప్పమంటావా? కోడూరులో మా తాత పేరేం కావాలి?"

"తాత పేరు నిలబడాలంటే నా పరీక్ష పోవాలన్నమాట. పద్దెనిమిది నెలలు చదివాను నాన్నా. ఆదివారం ఎక్కి చూపించు. నీకేం లేదని వాళ్లే ఒప్పుకుంటారు. ఐదారు నిమిషాలే."

ధర్మారావు కూతురి చేతి మీద సిరా మరకలు చూశాడు. "సరే" అన్నాడు.

జబ్బేమీ లేదని రోప్‌వే ఎక్కి చూపిస్తానని ధర్మారావు పట్టుబడితే, అక్కయ్య చివరికి సరేనంది. ఆదివారం వైజాగ్‌లో గాలి వీచింది. ఇన్నాళ్లూ బందరుకి రావలసిన బాకీ గాలంతా అక్కడికే వచ్చినట్టుంది. ఆడవాళ్లంతా కారులో ముందే కొండ మీదికి వెళ్లిపోయారు. కింద టికెట్ల కిటికీకి గాలి తగ్గేవరకు రోప్‌వే నడవదని బోర్డు తగిలించారు. అది చదివి ధర్మారావు ముఖం సెలవు ప్రకటించిన స్కూలు పిల్లాడి ముఖంలా వెలిగింది. అంతలో గంగాధరరావు ఫోన్ మోగింది. పైనుంచి అక్కయ్య.

"ఆపేశారా? మంచిది. దైవమే అడ్డుపడింది. ఆయన్ని కారులో జాగ్రత్తగా తీసుకురా. మే ఆరు ఖాయం."

ధర్మారావు ముఖంలో దీపం ఆరిపోయింది. వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు. వారం రోజులుగా గాలి రావాలని మొక్కిన మనిషి, "ఎప్పుడు తగ్గుతుంది బాబూ? కాస్త చూడు నాయనా. చాలా దూరం నుంచి వచ్చాం" అని బతిమాలుతున్నాడు. లోపలున్నతను మర్యాదగా, "మీరు మరీ సరదాపడుతున్నారు సార్. కాసేపు కూర్చోండి" అన్నాడు.

గాలి తగ్గింది. బోర్డు తీశారు.

"బావగారూ, మిమ్మల్ని ఒంటరిగా పంపడం మర్యాద కాదు" అని గంగాధరరావు కూడా ఎక్కాడు.

పెట్టె కదిలింది. ధర్మారావు కళ్లు గట్టిగా మూసుకుని, సీఏ ఫైనల్, సీఏ ఫైనల్ అని జపం మొదలుపెట్టాడు. సగం దూరం వెళ్లాక మళ్లీ ఒక గాలి తెర వచ్చింది. ముందుజాగ్రత్తగా తీగ ఆపారు. పెట్టె అక్కడే ఊగడం మొదలుపెట్టింది. అప్పుడు ఎవరో మూలిగారు. ఆ మూలుగు తనది కాదని తెలియడానికి ధర్మారావుకి కాస్త సమయం పట్టింది. కళ్లు తెరిచాడు.

ఎదురు సీట్లో గంగాధరరావు కడ్డీని రెండు చేతులా కావలించుకుని, గంగమ్మ తల్లిని పిలుస్తున్నాడు.

"ఏమైంది బావగారూ?"

"నన్ను మాట్లాడించకండి."

"మీకు భయమా?"

"బోటు ఊగితే కింద నీళ్లుంటాయండీ. ఇది ఊగితే కింద ఏముంది?"

"మరి ఈ ప్రోగ్రాం ఎందుకు పెట్టారండీ?"

"మీకు సరదా అన్నారుగా. డాక్టరు వద్దన్నాడని మీరు ఫోన్ చేసిన రోజు నేను గంగమ్మకి కొబ్బరికాయ కొట్టాను బావగారూ. మీకు జబ్బు చేసినందుకు కాదు, అపార్థం చేసుకోకండి."

ధర్మారావుకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. లేచి, ఊగుతున్న పెట్టెలోనే రెండడుగులు వేసి, వియ్యంకుడి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. డాక్టరు లేడని, గుండె గుండ్రాయిలా ఉందని, భయం మాత్రమేనని ఆయనా చెప్పేశాడు. తనకన్నా ఎక్కువ భయపడేవాడు పక్కనుంటే మనిషికి ఎంత ధైర్యమొస్తుందో ఆయనకి ఆ రోజు తెలిసింది. గంగాధరరావుకి నీళ్లు తాగించాడు. తుండుతో ముఖం తుడిచాడు.

"బావగారూ, ఒక మాటివ్వండి" అన్నాడు గంగాధరరావు కళ్లు తెరవకుండానే. "నా మాట మీద పన్నెండు మంది సముద్రం మీదికెళ్తారు. ఈ సంగతి తెలిస్తే రేపట్నుంచి నా మాట ఎవడూ వినడు. ఎవరికీ చెప్పనని తనూజ మీద ఒట్టెయ్యండి."

ఆ స్థితిలో ఉన్న మనిషికి కాదని ఎలా చెబుతారు? ధర్మారావు ఒట్టేశాడు.

తీగ కదిలింది. పైన ధర్మారావు పెళ్లికొడుకులా దిగాడు. తనూజ వచ్చి తండ్రిని వాటేసుకుంది. "అన్నయ్యగారు ఉక్కు మనిషి" అంది సుబ్బాయమ్మ. గుడివాడ అక్కయ్య కూడా ఒప్పుకుంటున్నట్టు తలూపి, "అయితే జూనే..." అంటూ ఆగిపోయింది. ధర్మారావు వెనక పెట్టెలోంచి గంగాధరరావు దిగుతున్నాడు. చొక్కా తడిసిపోయింది. ముఖం పాలిపోయింది. కుడిచెయ్యి ఎడమ వైపు ఛాతీ మీద ఉంది.

"ఏంట్రా తమ్ముడూ, ఆ చెయ్యేంటి?"

గంగాధరరావు అక్క వంక చూశాడు, పెళ్లాం వంక చూశాడు, ధర్మారావు వంక చూశాడు. మనిషికి కంగారులో కొత్త అబద్ధాలు తట్టవు.

"ఏం లేదక్కా. డాక్టరు ఎత్తులెక్కొద్దన్నాడు. మీరంతా కంగారుపడతారని చెప్పలేదు" అన్నాడు.

అక్కయ్య అక్కడున్న బెంచీ మీద కూర్చుని పంతులుగారికి ఫోన్ కలిపింది. "మే ఆరే రాసేయండి పంతులుగారూ. ఇంకేం ఆలోచించకండి" అంది. తనూజ తండ్రి వంక చూసింది. తండ్రి సముద్రం వంక చూశాడు.

ఇదీ ప్రస్తుత పరిస్థితి. ధర్మారావు నోరు విప్పితే కూతురి మీద ఒట్టు పోతుంది, వియ్యంకుడి పరువు బోట్లతో సహా మునుగుతుంది. విప్పకపోతే ముహూర్తం వేళకి పిల్ల పీటల మీద ఉంటుంది, పరీక్ష పేపరు విజయవాడలో ఉంటుంది. గంగాధరరావు చేత నిజం చెప్పిద్దామంటే, ఆయన నాగాయలంకలో మంచం మీద పడుకుని బత్తాయిరసం తాగుతున్నాడు, చుట్టూ జనం. అయ్యా, అమ్మా, మీలో పెళ్లిళ్లు చేసినవాళ్లుంటారు, వియ్యంకులున్నవాళ్లుంటారు, ఒట్టు తీసి గట్టున పెట్టినవాళ్లూ ఉంటారు. ఏం చెయ్యాలో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.

శుభలేఖలు సోమవారం అచ్చుకి వెళ్తున్నాయి.